పై వాటాలో ఐదున్నర శ్రుతి

కాపెల్,
ఫిబ్రవరి 9

పై వాటా గుండేటి రఘువీర్ గారికి, సరిగ్గా మీ కిందనే ఉంటున్న శేషమ్మ నమస్కరించి రాయునది.

మీ పేరు నాకెలా తెలిసిందని ఆశ్చర్యపోకండి. మీకు రావలసిన కంటి డాక్టరు కార్డు పొరపాటున మా పెట్టెలో పడింది. దీంతో జతచేశాను. పైకి వచ్చి ఇద్దామనుకున్నాను గానీ మీ తలుపుమీద 'నైట్ షిఫ్ట్, పగలు నిద్ర, తలుపు కొట్టవద్దు' అని కాగితం అంటించి ఉంది. కాగితంతో చెప్పినవారికి కాగితంతోనే బదులు చెప్పడం మర్యాద కదా.

నేను బొబ్బిలిలో ఆడపిల్లల బడిలో ముప్పై ఆరేళ్ళు సంగీతం చెప్పి రిటైరయ్యాను. కోడలు స్రవంతి పురిటికని అమెరికా వచ్చాను. పాపకు మూడో నెల. మా అబ్బాయి ఫణికుమార్‌కూ కోడలికీ పొద్దున్నే మీటింగులుంటాయి కాబట్టి రాత్రి కాపలా నాది. ఒంటిగంటన్నరకు పాప లేస్తుంది. నేను నీలాంబరి రాగంలో జోల ఎత్తుకుంటాను. ఎత్తుకున్న ముప్పావుగంటకు దాని కళ్ళు బరువెక్కుతాయి. సరిగ్గా ఆ సమయానికే, రెండూ పదికి, మీ కుక్క మొదలుపెడుతుంది.

చిన్న జాతి కుక్క అనుకుంటాను. సెకనుకొక మొరుగు. ఎనిమిది మొరుగులు, ఒక విరామం, మళ్ళీ ఎనిమిది. తాళం తప్పదు, అది ఒప్పుకుంటాను. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో సగం మందికి ఆ పాటి లయ లేదు. కానీ పసిపిల్ల ఉన్న ఇల్లు. దయచేసి ఏదో ఒక ఏర్పాటు చేయగలరు.

ఇట్లు,
శేషమ్మ

తా.క. నేను ఐదో శ్రుతిలో పాడతాను. మీ కుక్క ఐదున్నరలో మొరుగుతుంది. ఆ అరశ్రుతి తేడాతోనే నాకు ప్రాణం పోతోంది.


కాపెల్,
ఫిబ్రవరి 11

గౌరవనీయులైన శేషమ్మ గారికి నమస్కారాలు.

కార్డు పంపినందుకు థాంక్స్ అండీ. మాది సిరిసిల్ల. నేను ఇక్కడ డేటా సెంటర్‌లో నైట్ షిఫ్ట్ చేస్తాను. రాత్రి తొమ్మిదికి వెళ్ళి పొద్దున ఏడుకు వస్తాను. మీరు చెప్పిన టైమ్‌లో నేను ఇంట్లోనే ఉండను.

నా దగ్గర కుక్క లేదండీ. ఎప్పుడూ లేదు. ఇక్కడి గోడలు అట్టముక్కల్లాంటివి, శబ్దం ఎటునుంచో వచ్చి ఎటో వినిపిస్తుంది. పక్క బిల్డింగ్‌ది అయ్యుండొచ్చు.

మీరు తప్పుగా అనుకోకపోతే ఒక మాట. మా మేనత్తకు కూడా అరవై దాటాక రాత్రిళ్ళు చెవుల్లో శబ్దాలు వచ్చేవి. ఆమెకు రైలు కూత వినిపించేది. మందులు వాడితే తగ్గింది. మంచి చెవుల డాక్టర్ నంబర్ కింద రాశాను.

మీ శ్రేయోభిలాషి,
రఘువీర్

తా.క. మళ్ళీ చెప్తున్నాను, మా ఇంట్లో మొరిగేది ఏదీ లేదు.


కాపెల్,
ఫిబ్రవరి 20

రఘువీర్ గారికి, శేషమ్మ రాయునది.

మీరిచ్చిన నంబరుకే ఫోన్ చేయించి, ఆ డాక్టరు దగ్గరికే వెళ్ళాను. గాజు గదిలో కూర్చోబెట్టి గంటసేపు పరీక్షించింది. చివర్లో నేనే ఆవిడతో అన్నాను, మీ యంత్రం ఎడమ చెవి వైపు కొంచెం శ్రుతి దిగి ఉంది, చూపించుకోండి అని. రిపోర్టు నకలు జతచేశాను. ముప్పై ఏళ్ళ మనిషికి ఉండే చెవులట నావి. మీ మేనత్తగారి రైలుకు నా సానుభూతి తెలియజేయండి.

ఇక ఆ చెవులతో విన్నవి రాస్తున్నాను. మొరుగు సరే. దానికి ముందు, పదకొండు ప్రాంతంలో, మీ ముందుగదిలో ఎత్తు నుంచి ఏదో వచ్చి గోడకు 'తప్'మని తగులుతుంది. తగిలిన చోటునుంచి కిందికి పడదు. పడితే నాకు వినపడాలి. పైకి పాకుతుంది. మళ్ళీ కాసేపటికి అవతలి గోడకు 'తప్'. మధ్యలో నేలమీద అడుగుల చప్పుడు ఉండదు. ఈ గోడనుంచి ఆ గోడకు నేల తాకకుండా వెళ్ళేది ఏమిటో నేనైతే చెప్పలేను. ఆ తర్వాత చిన్న చిన్న తుమ్ములు, ఐదారు వరసగా.

మీరు లేనప్పుడు మీ ఇంట్లో ఎవరుంటారు?

ఇట్లు,
శేషమ్మ

తా.క. స్రవంతి దెయ్యమంటోంది. ఫణి ఏసీ అంటున్నాడు. ఏసీకి జలుబు చేయడం నేనెప్పుడూ వినలేదు.


కాపెల్,
ఫిబ్రవరి 22

శేషమ్మ గారికి నమస్కారాలు.

రిపోర్ట్ చూశాను. క్షమించండి. నా ఇంట్లో నేను తప్ప వేరే మనిషి ఎవరూ ఉండరండీ, ఒట్టు. ఫణికుమార్ గారు చెప్పినట్టు ఏసీయే అయ్యుంటుంది.

ఒక్క రిక్వెస్ట్. ఈ విషయం లీజింగ్ ఆఫీస్ దాకా మాత్రం తీసుకెళ్ళకండి. నా వీసా ఎక్స్‌టెన్షన్ నడుస్తోంది. ఇప్పుడు ఇల్లు ఖాళీ చేయమంటే చాలా ఇబ్బంది పడతాను.

మీ,
రఘువీర్

తా.క. వచ్చేటప్పుడు మెట్లమీద నెమ్మదిగా నడుస్తున్నాను. ఇకనుంచి చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కుతాను.


కాపెల్,
ఫిబ్రవరి 26

రఘువీర్‌కు, శేషమ్మ రాయునది. నమస్కారాలు నీ సంజాయిషీ చూశాక.

నేను తలుపుల దగ్గర చెవి పెట్టే మనిషిని కాను. కానీ మీ బాత్రూమ్‌లో మాట్లాడితే గాలి గొట్టం గుండా మా బాత్రూమ్‌లోకి దిగుతుంది. ఈ రోజు ఉదయం ఏడూ ఇరవైకి నేను పాప గుడ్డలు నానబెడుతున్నాను. నువ్వు అన్న మాటలు పొల్లుపోకుండా రాస్తున్నాను.

"రారా పండూ, ఇటు రా బంగారం. రాత్రంత ఒక్కనివే ఉన్నవారా? తోక సంగతి తర్వాత సూద్దాం. నిన్న పురుగులన్నీ తిన్నవ్, బొప్పాయి ముట్టలే. ఇయ్యాల బొప్పాయి తినాలె, లేకుంటే సంచిల ఏసి జిప్పు పెడ్త."

గుడ్డలు బకెట్లోనే వదిలేసి ఈ కాగితం తీసుకున్నాను.

'వేరే మనిషి ఎవరూ లేరు' అని ఒట్టు పెట్టావు. పసివాణ్ణి రాత్రిపూట ఒంటరిగా ఇంట్లో వదిలిపెట్టి ఉద్యోగానికి పోతున్నావా? వాడు రెండు గంటలప్పుడు ఏడ్చి ఏడ్చి, గొంతు పోయి, కుక్కపిల్లలా అరుస్తుంటే నేను తాళం లెక్కపెడుతూ కూర్చున్నానా? పిల్లవాడికి పురుగులు పెడుతున్నావా? సంచిలో వేసి జిప్పు పెడతావా? తోక అన్న మాట నేను సరిగ్గా వినలేదని అనుకుంటున్నాను. ఇన్నాళ్ళలో నేను సరిగ్గా విననిది అదొక్కటే అయ్యుంటుంది.

నీ తల్లి ఎక్కడుందో నాకు తెలియదు. ఆవిడ స్థానంలో ఉండి అడుగుతున్నాను. ఎల్లుండి ఉదయం లోపల నాకు జవాబు రావాలి. రాకపోతే ఫణి చేత పోలీసులకు ఫోన్ చేయిస్తాను. నీ వీసా సంగతి నాకు గుర్తుంది. అయినా చేయిస్తాను.

శేషమ్మ

తా.క. మెత్తగా ఉడికించిన అన్నం, కొంచెం నెయ్యి, ఒక సీసాలో ఈ ఉత్తరంతో పాటు పెట్టాను. ముందు అది పండుకు పెట్టు. నువ్వు తినకు.


కాపెల్,
ఫిబ్రవరి 27

అమ్మా, మీకు దండాలు.

నిన్న పొద్దున మీ ఉత్తరం చదివాను. నిజం రాస్తున్నాను.

పండు మనిషి కాదు. దాన్ని షుగర్ గ్లైడర్ అంటారు. ఆస్ట్రేలియా వైపు అడవి జంతువు. అరచేతిలో పడుతుంది. బూడిదరంగు, వీపుమీద నల్లటి గీత, తన ఒంటి కంటే పొడుగు తోక. కంగారూ లాగే ఆడదానికి పొట్ట దగ్గర సంచి ఉంటుంది. ముందుకాళ్ళ నుంచి వెనకకాళ్ళ దాకా రెండు పక్కలా పల్చటి చర్మం ఉంటుంది. దూకేటప్పుడు అది విప్పుకుని గాలిలో తేలుతూ పోతుంది. మీరు విన్న 'తప్' అదే, కర్టెన్ రాడ్ మీదినుంచి గోడ వైపు. తుమ్ములు తుమ్ములు కావు, చేతుల్లో ఉమ్ముకుని ఒళ్ళు శుభ్రం చేసుకుంటాడు. తినేది పండ్లు, తేనె, పురుగులు. సంచి అంటే వాడు పడుకునే గుడ్డ సంచి.

లీజులో రాయకుండా తెచ్చుకున్నాను కాబట్టి దాచాను. కానీ మొరుగు గురించి అబద్ధం చెప్పలేదమ్మా. వాడు మొరుగుతాడని నాకు నిజంగా తెలియదు. పగలంతా వాడు పడుకుంటాడు, నేనూ పడుకుంటాను. రాత్రి తిరిగే జంతువు అంటే, నాదీ నైట్ షిఫ్టే కదా, జోడీ కుదురుతుందనుకున్నాను. ఇద్దరిదీ నైట్ షిఫ్టే గానీ ఆఫీసులు వేరని ఆలోచించలేదు.

నిన్న రాత్రి ఫోన్ రికార్డింగ్‌లో పెట్టి వెళ్ళాను. పొద్దున విన్నాను. రెండూ పది. మీరు చెప్పినట్టే, ఎనిమిది, ఒక గ్యాప్, ఎనిమిది. నలభై నిమిషాలు.

మొదట్లో ఇద్దరుండేవారు. పండు, తేనె. జనవరిలో తేనె చనిపోయింది. కాలేయం జబ్బు అన్నారు. అప్పటినుంచి వీడు సరిగ్గా తినడం లేదు, తోకమీది బొచ్చు పీక్కుంటున్నాడు. ఇవాళ డాక్టర్‌కి రికార్డింగ్ వినిపించాను. 'జతను పిలుస్తున్నాడు. ఇవి గుంపుగా బతికేవి, ఒంటరిగా వదిలితే దిగులుతో తమను తామే కొరుక్కుంటాయి, ఎక్కువ రోజులు బతకవు' అన్నాడు. ఇంకో జత కోసం వెతుకుతున్నాను. దొరికే దాకా రాత్రి ఎవరైనా పక్కన ఉంటే మంచిదట. నాకు లీవ్ లేదు. ఈ ఊళ్ళో నాకు ఇంకెవరూ తెలియదు.

ఇంటి తాళంచెవి ఇందులో పెట్టాను. మీరు వచ్చి మీ కళ్ళతో చూడండి. ఆ తర్వాత పోలీసులకు చెప్పాలనిపిస్తే చెప్పండి.

రఘువీర్

తా.క. అన్నం పండు ముట్టలేదు. మీరు తినవద్దన్నారు గానీ నేనే తిన్నాను. నెయ్యి వేసిన అన్నం తిని చాలా రోజులైంది.


కాపెల్,
మార్చి 4

చిరంజీవి రఘువీర్‌కు, శేషమ్మ ఆశీర్వదించి రాయునది.

వారంగా రాయలేదు, కారణం ఉంది. పగలు నిద్రపోతున్నాను. తొమ్మిదిన్నరకు పాపను ఫణికి అప్పగించి మీ ఇంటికి వచ్చి, పదకొండున్నర దాకా కూర్చుంటున్నాను.

మొదటి రాత్రి పండు నన్ను చూసి అరిచిన అరుపు ఉంది చూశావూ, పాత మిక్సీలో ఎండుకొబ్బరి వేసినట్టు! అంత చిన్న ప్రాణిలోనుంచి అంత శబ్దమా అని నేనే వెనక్కి తగ్గాను. కుర్చీలో కూర్చుని ఊరికే మెల్లగా మాట్లాడాను. ఏం మాట్లాడాలో తెలియక మాయామాళవగౌళ సరళీవరసలు చెప్పాను. మూడో రాత్రికి సంచిలోంచి మొహం బయటపెట్టాడు. మొహంలో సగం కళ్ళే.

నిన్న ఎగిరాడు. కర్టెన్ కర్ర చివరికి వెళ్ళి, తల అటూ ఇటూ ఊపి దూరం చూసుకుని, వదిలేశాడు. చేతిరుమాలు ఎవరో గాలిలో విప్పినట్టు అయింది. శబ్దం లేదు. వచ్చి నా ముడిమీద దిగాడు. పది వేళ్ళూ జుట్టులో దిగాయి. నేను కదల్లేదు. చాలాసేపు అక్కడే ఉన్నాడు, గుండె కొట్టుకోవడం నా తలకు తెలుస్తోంది. అంత వేగం లయ నేనెప్పుడూ వినలేదు, ఏ తాళంలోనూ కూర్చోదు.

నీమీద వేసిన నిందకు నేను బాధపడుతున్నాను. అంతకంటే ఎక్కువ బాధ ఇంకొకటి ఉంది. నెలరోజులు వాడి పిలుపు విన్నాను. శ్రుతి విన్నాను, తాళం విన్నాను. పిలుస్తున్నాడని వినలేదు. రఘూ, ఇంకా పిలుస్తున్నాడంటే ఆవిడ ఇక రాదని వాడికి తెలియలేదు. చెప్పేవాళ్ళు లేరు. మా ఆయన పోయినప్పుడు నాకు వందమంది వచ్చి చెప్పారు. అప్పుడు విసుక్కున్నాను గానీ, చెప్పడం కూడా అవసరమే.

నేను వెళ్ళొచ్చిన తర్వాత కూడా రెండింటికి పిలుస్తూనే ఉన్నాడు. కానీ పదినిమిషాలు తగ్గింది.

నీ ఫ్రిజ్‌లో ఆవకాయ సీసా పెట్టాను.

ఆశీస్సులతో,
శేషమ్మ

తా.క. షుగర్ అంటున్నావు, మరి వాడికి తేనె పెట్టడం మంచిదేనా? ఫణి నీ ఉత్తరం చూసి, 'ఎవరికమ్మా షుగర్? మెంతులు నానబెట్టుకుని తాగమను' అన్నాడు.


కాపెల్,
ఏప్రిల్ 2

అమ్మా, దండాలు.

మంచి మాటలు రాయడానికి ఇప్పటికి తీరింది. డెంటన్‌లో ఒక పెద్దావిడ దగ్గర ఏడు గ్లైడర్లున్నాయి. ఒకదాన్ని ఇచ్చింది. నేనేం చేస్తానో, ఎన్ని గంటలు ఇంట్లో ఉంటానో గంటసేపు ప్రశ్నలు వేసింది. నా వీసా ఇంటర్వ్యూలో కూడా ఇన్ని అడగలేదు. పేరు గోరింట అని పెట్టాను.

మొదటి పది రోజులు పక్కపక్క బోనుల్లో పెట్టాను. మీరు మిక్సీ అన్న శబ్దం రెండు వైపులనుంచీ. తర్వాత ఒకరి గుడ్డ ఒకరికి మార్చాను, వాసన అలవాటు కావాలని. ఆదివారం పొద్దున షిఫ్ట్ నుంచి వచ్చి చూస్తే ఇద్దరూ ఒకే సంచిలో ఉన్నారు. ఎవరి తోక ఎవరిదో తెలియకుండా చుట్టుకుని. నేను షూ కూడా విప్పకుండా నేలమీద కూర్చుండిపోయాను.

మూడు రాత్రులు రికార్డ్ చేశాను. రెండూ పదికి ఏమీ లేదు. ఒక్క మొరుగు కూడా లేదు. చెవి దగ్గర పెట్టుకుని వింటే మాత్రం మెల్లగా ఏదో గురగుర, ఇద్దరిదీ. మీ పాపకు ఇక నిద్రాభంగం ఉండదు.

లీజింగ్ ఆఫీస్‌కి కూడా నేనే వెళ్ళి చెప్పేశాను. బోనులో ఉండే చిన్న ప్రాణులకు ఒక ఫారమ్ నింపితే చాలట. ఆ ఒక్క పేజీ కోసం రెండేళ్ళు దొంగలా బతికాను.

మీరు కూర్చున్న రాత్రులే వాణ్ణి బతికించాయి. డాక్టర్ కూడా అదే అన్నాడు.

మీ,
రఘువీర్

తా.క. ఆవకాయ అయిపోయింది. ఇది అడగడం కాదు, సమాచారం.


కాపెల్,
ఏప్రిల్ 15

చిరంజీవి రఘువీర్‌కు, శేషమ్మ అనేక ఆశీస్సులతో రాయునది.

పండు, గోరింటల సంగతి చదివి కళ్ళు తుడుచుకున్నాను. ఈ ఉత్తరం మాత్రం నీవల్ల ఒక సాయం కావలసి రాస్తున్నాను. ఎవరికీ చూపించకు.

పండు మొరగడం మానేసిన రాత్రి పాప నిద్రపోలేదు. నేను నీలాంబరి పాడాను. రెండయింది, మూడయింది. నాలుగుకు నా గొంతు పోయింది. మర్నాడూ అంతే. నాలుగు రాత్రులు. పిల్లల డాక్టరు 'కడుపునొప్పి కాదు, అన్నీ బాగున్నాయి' అంది. ఐదోరాత్రి చీకట్లో కూర్చుని లెక్కలు వేసుకున్నాను. పాప ఎప్పుడు నిద్రపోయేది? రెండూ పది, రెండుంబావు. నేను పాట మొదలుపెట్టిన ముప్పావుగంటకు కాదు రఘూ, పండు మొదలుపెట్టిన ఐదు నిమిషాలకు.

ముప్పై ఆరేళ్ళు సంగీతం చెప్పాను. నా నీలాంబరికి నిద్రపోతోందని మురిసిపోయాను. మధ్యలో వాడు పాడు చేస్తున్నాడని నీకు ఉత్తరాలు రాశాను. పాడు చేసింది నేను. పిల్ల నా పాట అయిపోతే బాగుండునని ముప్పావుగంట ఎదురుచూసేది.

ఇంతకంటే ఎలా రాయాలో తెలియదు. నేను మొరిగాను. ఐదున్నర శ్రుతిలో, ఎనిమిది, విరామం, ఎనిమిది. నాలుగో ఆవర్తనానికి పాప నిద్రపోయింది. అప్పటినుంచి రోజూ మొరుగుతున్నాను. బాగా కుదిరింది. కుదరకపోతే బాగుండేది. నిన్న లీజింగ్ ఆఫీసు నుంచి మా తలుపుకు నోటీసు అంటించారు. మా వాటాలో అనుమతి లేని కుక్క ఉందట, చిన్న జాతిదట, పక్కవాళ్ళ ఫిర్యాదు. ఫణి ఆఫీసుకు వెళ్ళి 'మా ఇంట్లో మొరిగేది ఏదీ లేదు' అన్నాడు. వాడికి తెలియదు పాపం. వాళ్ళు రికార్డింగ్ వినిపించారు. వాడు నా గొంతు గుర్తుపట్టాడు. ఇంటికి వచ్చి ఆ నోటీసు మడిచి నా చేతిలో పెట్టాడు.

కాబట్టి నువ్వు పై వాటా మనిషిగా ఆఫీసుకు ఒక ఉత్తరం రాసిపెట్టాలి. కింది వాటాలో కుక్క లేదని మాత్రం రాయి. ఏముందో రాయకు.

నేను ఇరవై ఆరున బొబ్బిలికి బయలుదేరుతున్నాను. ఎల్లుండి ఆదివారం సాయంత్రం, నీకు మెలకువ ఉండే వేళకు, భోజనానికి రా. మనిద్దరం ఇంతవరకు ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఆశీర్వచనాలతో,
శేషమ్మ

తా.క. నేను వెళ్ళాక పాపకు ఎవరు అన్నది ప్రశ్న. స్రవంతికి నవ్వు ఆగడం లేదు, పనికిరాదు. ఫణికి రోజూ సాయంత్రం మీటింగులయ్యాక అరగంట నేర్పిస్తున్నాను. తాళం వచ్చింది. శ్రుతి మాత్రం, ఎంత చెప్పినా, నాలుగు దాటి పైకి ఎక్కడం లేదు. పాప కళ్ళు విప్పి వాణ్ణి జాలిగా చూస్తోంది.